వాము పువ్వు

పచారీ కొట్టులో వాము పువ్వని అడిగినచో చిన్న పొట్లము కట్టి యిచ్చు ఆ తెల్లని స్ఫటికములు, వాము గింజలను నీటియావిరితో స్వేదనము చేయగా వచ్చు తైలమునుండి పేరుకొనిన సారమే గాని పూవులు కావు. రసాయనజ్ఞులు దీనిని థైమాల్ అందురు. బెంజీన్ వలయమును ఆశ్రయించిన ఈ ఫినాల్ జాతి ద్రవ్యమును 1719లో జర్మనుడగు కాస్పర్ న్యూమన్ థైమ్ అను ఐరోపా మూలికనుండి వేఱుచేసెను. మంచి వాము తైలములోనో, ఇంచుమించు సగము ఇదియే.

కనుకనే మొదటి ప్రపంచయుద్ధమునకు పూర్వము మన దేశపు వాము గింజలు ఓడలకెక్కి జర్మనీ చేరి, అచ్చటి కర్మాగారములలో థైమాలుగా మాఱి, సీసాలలో దేశదేశములకు పోవుచుండెడివి. 1914లో యుద్ధము రేగి ఆ మార్గము మూతపడిన పిమ్మటగాని, గింజ పండిన చోటనే సారమును పెద్దయెత్తున తీయవలెనను ఆలోచన ఏలినవారికి బలపడలేదు.

అప్పటి గిరాకికి ముఖ్యకారణము కొంకిపురుగు వ్యాధి. అమెరికా దక్షిణ రాష్ట్రములలో రాక్‌ఫెల్లర్ అను కోటీశ్వరుని ధనముతో 1909లో ఆరంభమైన నిర్మూలనోద్యమమునకు థైమాలే ప్రధానౌషధము. నూనెయు మద్యమును దానిని కరిగించి రక్తములోనికి చేర్చునని, మందు పుచ్చుకొను నాడు రోగికి ఆ రెండును నిషేధించి, తరువాత విరేచనము చేయించెడివారు. పురుగును చంపునది మనుష్యునికిని విషము కాకూడదుగదా! ఇంతకంటె నిరపాయమైన మందులు వచ్చినంతనే ఈ వైద్యము వెనుకబడినది.

ఇప్పుడది నోరు పుక్కిలించు మందులలోను, తేనెటీగలను పీడించు వరోవా పురుగును తఱుము పొడులలోను, బూజు పట్టిన ప్రాచీన గ్రంథములకు ధూపమువేయు పెట్టెలలోను కానవచ్చును. వీనికంటె నాకు వింతగొలుపునది అమృతధార యను మందు. వాము పువ్వు, కర్పూరము, పుదీనా పువ్వనబడు మెంథాల్, ఈ మూడును విడివిడిగా గట్టి పదార్థములే. సమభాగములుగ ఒక సీసాలో వేసి కదపినచో, చుక్క నీరైనను చేర్చకయే, క్రమముగా ద్రవమగును. స్ఫటికములో అణువులు బారులు తీరి నిలుచును. అన్యజాతి అణువులు నడుమ జొరబడగా ఆ బారులు చెదరి, ఒంటిగా ఏబది డిగ్రీల దాపున కరగు థైమాల్ ఇంటి వేడికే కరగును. అమృతధార చుక్కల లెక్కను వాడవలసిన మందు. స్ఫటికము నేరుగా తగిలినచో చర్మమును మండించును.

నేటి థైమాలులో చాల భాగము వామునుండి గాక మెటా-క్రెసాల్, ప్రొపిలీనుల సంయోగమువలన కర్మాగారములందే పుట్టుచున్నది. దానికి హైడ్రోజన్ చేర్చినచో మెంథాల్ వచ్చును గనుక, అమృతధార సీసాలో తోడుపడిన పుదీనా పువ్వు సయితము ఒకొక్కప్పుడు థైమాలు సంతానమే.