చక్రములపై కాపురము

యాత్రకు బోవు కుటుంబములు గూడుబండి కట్టించుకొని బయలుదేరు కాలమొకటి మన చిత్తూరు సీమలో నుండెను. వెదురు బద్దలను వంచి పైన చాప కప్పిన గూడు, లోపల వరిగడ్డిపై పఱచిన జంపఖానా, వెనుకతట్టున ఎద్దుల మేత: ఇదియే వారి నడచు నిల్లు. కార్వేటినగరమునకు వేణుగోపాలస్వామి దర్శనార్థము వచ్చినవారు చెట్టునీడను బండి విప్పి, మూడు రాళ్లు పేర్చి వండుకొని, రాత్రికి ఆ గూటిలోనే పరుండెడివారు. నేడు కొందఱు చిన్న మోటారు వ్యానులో పడక, పొయ్యి, నీళ్లతొట్టి, దీపములు అమర్చుకొని ఆ విధముగనే తిరుగుచున్నారు. దానిని మనము ఇంటిబండి యందము. అట్టిదానిని కొనదలచినవారును, కొన్నవారును తెలిసికొనవలసిన సంగతులు కొన్ని మనవి చేసెదను.

ఊరిలోని యింటికి నీరు కొళాయి తెచ్చును. వెలుతురు విద్యుత్సంస్థ యిచ్చును. మురుగును కాలువ తీసికొనిపోవును. ఇంటిబండిలో ఈ మూడు పనులును యజమానివే. 1885లో గార్డన్ స్టేబుల్సు అను నావికాదళ వైద్యుడు, రెండు గుఱ్ఱములు లాగు సుమారు రెండు టన్నుల బండిలో, దక్షిణ ఇంగ్లండు నుండి స్కాట్లండులోని ఇన్వర్నెస్సు వఱకు విహారయాత్ర చేసెను. ఆయనకు వెంట సేవకులుండిరి. మనకు మన చేతులే సేవకులు. కావున లెక్క తెలిసియే బయలుదేరవలెను.

మొదటిది బరువు. అమరికలు చేయకమునుపు ఒక వ్యాను 600 కిలోల బరువు మోయగలదనుకొందము. నలుగురు మనుష్యులు 260 కిలోలు, పడకయు బీరువాలును 200, 80 లీటర్ల నీరు 80, బ్యాటరీ 30. మొత్తము 570. ఇక వంటపాత్రలకు, బట్టలకు, బియ్యమునకు మిగిలినది 30 కిలోలే! ఈ లెక్క మఱచినచో బ్రేకులును టైరులును ఆ ఋణము తీర్చవలసి వచ్చును.

రెండవది నీరు. త్రాగుటకు, వంటకు మనిషికి దినమునకు 5 లీటర్లు. పాత్రలు, ముఖము, చేతులు కడుగుటకు మఱి 5. ఇట్లు నలుగురికి 40 లీటర్లగును. 80 లీటర్ల తొట్టి రెండు దినములు వచ్చును. తలకొక బకెట్టు చొప్పున స్నానము చేసినచో మొదటి దినమే యెండును.

మూడవది విద్యుత్తు. 12 వోల్టుల, 100 ఆంపియరు-గంటల బ్యాటరీలో 1,200 వాట్-గంటల శక్తి యుండును. సీసపు బ్యాటరీని సగమునకు మించి తఱచుగా వాడిన దాని ఆయువు క్షీణించును; అనగా చేతికి వచ్చునది 600. 20 వాట్ల పంకా 8 గంటలు తిరిగిన 160 వ్యయమగును. 5 వాట్ల దీపములు మూడు 4 గంటలు వెలిగిన 60. ఈ పొదుపుతో రెండు రాత్రులు సుఖముగా గడచును. 1,000 వాట్ల ఏసీ పెట్టినచో ఆ 600 ముప్పదియాఱు నిమిషములలో తీరిపోవును. ఇంజను బ్యాటరీ వేఱు, ఇంటి బ్యాటరీ వేఱుగా నుంచినగాని తెల్లవారి బండి కదలుట నిశ్చయము గాదు.

నాల్గవది నిప్పు. ఇందు పొరపాటునకు రెండవ అవకాశము లేదు. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కాఱినచో నేలబారున నిలుచును. కావున సిలిండరు పెట్టె అడుగున వెలుపలికి రంధ్రముండవలెను. వాసన తగిలినచో దీపపు మీటనైనను ముట్టక, తలుపులు తెఱచి అందఱును దిగవలెను. చలికని పొయ్యి వెలిగించి, కిటికీలు మూసి నిద్రించుట ప్రాణాపాయము. కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు; నిద్రించువానిని మేల్కొల్పకయే చంపును.

ఇంటిబండి తిరుగు దినములకంటె నిలిచియుండు దినములే యెక్కువ. నిలిచినను టైరు ముసలిదగును. దాని ప్రక్కను నాలుగంకెలుండును. 2319 అనిన 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. గాట్లు చెడకున్నను వయసు మీఱినదానిని మార్చవలెను. అక్టోబరు వానలకు ముందే పైకప్పు అతుకులు పరీక్షింపవలెను.

చట్టమును మఱువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్చుకొనుటకు వీలులేదు. రవాణా కార్యాలయమున విచారించిన పిమ్మటనే వడ్రంగిని పిలువవలెను.

తిరుపతి నుండి అప్పలాయగుంట, నారాయణవనము, కార్వేటినగరము చూచివచ్చుట క్రొత్తవారికి తగిన తొలియాత్ర. దూరము స్వల్పము, పుత్తూరు చేరువ, లోపమేదైన కనబడినచో నాడే యిల్లు చేరవచ్చును.

కడపటి మాట. గూడుబండి వెడలిన చోట మిగిలినది మూడు నల్లని రాళ్లు, పిడికెడు బూడిద, కొంత పేడ. అది నేలకు ఎరువయ్యెను. మన బండి విడుచునది సబ్బునీరు, ప్లాస్టికు. వాడిన నీటికి వేఱు తొట్టి కట్టించి, దానిని మురుగుకాలువలోనే వదలవలెను. కార్వేటినగరపు స్కంద పుష్కరిణి గట్టున గాదు. నీటి విలువ నెఱిగిన సీమ యిది. ఇక్కడివారు అతిథికి చెంబెడు నీళ్లిచ్చి ఆదరింతురు. ఆ నీటిని చెడగొట్టి పోవువాడు అతిథి గాజాలడు.