కొర్ర పండించే ఇంట్లో కొర్రన్నం ఏది?

కొర్ర కోతలు చూద్దామని కదిరి దగ్గర ఒక పల్లెకు వెళ్లాను. ఆ రైతుకు ఉన్నది మూడెకరాల మెట్ట. ఎకరంన్నరలో కొర్ర, మధ్య మధ్య కంది సాళ్లు. కళ్లంలో గింజ రాశి పోసి ఉంది. పొద్దు నెత్తిమీదికొచ్చాక తిని పోవాల్సిందేనని ఇంటికి పిలుచుకుపోయారు. కంచంలో మల్లెపూవులాంటి సన్నబియ్యం అన్నం, పప్పు, అప్పడం. కొర్రన్నం వండలేదా అమ్మా అంటే ఆ ఇల్లాలు నొచ్చుకుంది. "వచ్చినోళ్లకు ఎవరైనా కొర్రన్నం పెడతారా సార్? మేమే తినడం ల్యా. పిల్లోళ్లు ముట్టనే ముట్టరు. గింజంతా అమ్మేసేదే" అంది.

ఆ గింజే పట్నంలో పొట్టు తీయించుకుని కిలో పొట్లంలోకి చేరితే సన్నబియ్యం కంటే ఎక్కువ ధర పలుకుతుంది. షుగరొచ్చిన ఉద్యోగస్తులు వెతికి మరీ కొంటున్నారు. పండించిన ఇంట్లో మాత్రం అది అతిథికి పెట్టడానికి సిగ్గుపడే తిండి అయింది.

ఇందులో ఎవరినీ తప్పు పట్టేది లేదు. అనంతపురం ఉమ్మడి జిల్లాలో ఏడాదికి కురిసేదే సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ వానకు తట్టుకునే కొర్ర, ఆరిక, సామ, సజ్జ, రాగి మన తాతల కంచంలో ఉండేవి. తర్వాత చెనక్కాయ వచ్చి మెట్టంతా కమ్మేసింది. చేతికి డబ్బు వచ్చింది కాబట్టి రైతు అటు మళ్లాడు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక వరి అన్నం పేదింట్లో కూడా రోజువారీ తిండి అయింది. అంతకుముందు పండగకో పబ్బానికో దొరికే అన్నం అది. పైగా కొర్రలు దంచడం అంటే మాటలా? తెల్లారకముందే రోకలి పట్టే ఆడవాళ్ల చేతులకు బొబ్బలు. ఆ బాధ తప్పినందుకు మా అమ్మ ఎంత సంతోషపడిందో నాకు తెలుసు. అలా రెండు తరాలు గడిచేసరికి నాలుక ఆ రుచి మరిచిపోయింది.

మా ఇంట్లో మొదటిసారి

నాలుగేళ్ల కిందట నాకు షుగరు బయటపడ్డాక మా ఇంట్లోనూ కొర్రలు తెచ్చాం. మొదటి రోజు మా ఆవిడ బియ్యం వండినట్టే కడిగి, వెంటనే ఎసట్లో పోసి దించేసింది. పలుకు పలుకుగా, గొంతులో గుచ్చుకునేలా ఉంది. పైగా కాస్త చేదు, ఒక రకం ముక్కిన వాసన. మా చిన్నోడు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని "పిచ్చుకల మేతలా ఉంది" అని కంచం నెట్టేశాడు. నేను మాత్రం మందు మింగినట్టు మింగాను.

తప్పు గింజది కాదని తర్వాత తెలిసింది. కొర్ర బియ్యం మీద ఉండే సన్నటి తవుడు పొరలో నూనె ఉంటుంది. పొట్టు తీశాక ఆ నూనెకు గాలి తగిలి, రోజులు గడిచేకొద్దీ ముక్కిపోతుంది. మేము తెచ్చిన పొట్లం అంగట్లో ఎన్ని నెలలుందో! పొట్టుతో ఉన్న గింజ మాత్రం ఏడాది దాటినా చెడదు. ఈ విషయంలో రైతుకు పట్నమోళ్ల కంటే పెద్ద వాటం ఉంది. గింజ ఇంట్లోనే ఉంటుంది కాబట్టి పదిహేను రోజులకు సరిపడా మాత్రమే పొట్టు తీయించుకుంటే, తాజా కొర్ర బియ్యం కమ్మదనమే వేరు.

మిల్లు దగ్గర ఒక మాట గట్టిగా చెప్పాలి. పొట్టు ఒక్కటే తీయమనాలి, పాలిష్ పట్టొద్దనాలి. తెల్లగా మెరిసే కొర్ర బియ్యానికి, తెల్లబియ్యానికి పెద్ద తేడా మిగలదు. పీచు, బి విటమిన్లు, ఇనుము ఎక్కువగా ఆ తవుడు పొరలోనే ఉంటాయి. అదంతా చెక్కించి బర్రెకు పెట్టి, మనం తెల్లటి పిండి పదార్థం తింటున్నాం. పాలిష్ పట్టని కొర్ర బియ్యం లేత పసుపు రంగులో, కాస్త గరుకుగా ఉంటుంది. రాగికి ఈ బాధ లేదు. దాని పైపొర లోపలి పిండికి అతుక్కుని ఉంటుంది కాబట్టి మామూలుగా పొరతోనే పిండి ఆడిస్తాం. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా సున్నం ఉంటుంది. తెల్లబియ్యంలో పది మిల్లీగ్రాములకు అటూ ఇటూ, అంతే.

నాలుకకు గడువివ్వాలి

కొర్రలు రెండు మూడు సార్లు కడిగి కనీసం రెండు గంటలు, వీలైతే రాత్రంతా నానబెట్టాలి. గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు. సన్నసెగ మీద ఉడికించి, దించాక పది నిమిషాలు మూత తీయకూడదు. అప్పుడే మెత్తగా, విడివిడిగా వస్తుంది. చల్లారితే గట్టిపడుతుంది, వేడి మీదే తినాలి.

మేము ఒకేసారి మారడం మానేసి, బియ్యంలో నాలుగో వంతు కొర్ర కలపడం మొదలుపెట్టాం. కొర్రలు ముందే నానబెట్టి ఉంచాం కాబట్టి రెండూ కలిసే ఉడికాయి. పది రోజులకు సగం, నెలకు మధ్యాహ్నం పూట పూర్తిగా కొర్రన్నమే. కడుపుకు కూడా ఈ నిదానం అవసరం. పీచు ఒక్కసారిగా పెరిగితే ఉబ్బరం, గ్యాసు తప్పవు. నీళ్లు బాగా తాగాలి. పిల్లలు మొదటి రోజే తినలేదని వదిలేయకూడదు. కొత్త రుచి అలవాటు కావడానికి ఎనిమిది పది సార్లయినా పెట్టి చూడాలని పోషకాహార నిపుణులు చెబుతారు. మా చిన్నోడి విషయంలో దారి చూపింది బెల్లం వేసిన కొర్ర పాయసం. తర్వాత ఇడ్లీ పిండిలోకి కొర్రలు చేరాయి. అన్నంగా తినడానికి వాడికి ఆరు నెలలు పట్టింది.

కొర్రన్నానికి కలిపే కూర కూడా సరైనది ఉండాలి. నీళ్ల చారు పోసుకుంటే బాగుండదు. ఉలవచారు, చింతాకు పప్పు, సంక్రాంతి ముందర వచ్చే అనపగింజల పులుసు, ఎనిపిన ఆకుకూర, చెనిగ్గింజల ఊరిబిండి... ఇవి ఆ గరుకు అన్నానికి పుట్టిన జోడీలు. బాగా నమిలి చూడండి, నమిలే కొద్దీ సన్నటి తీపి తెలుస్తుంది. తెల్లన్నం అలవాటైన నోటికి నమలడమే కొత్త! ఊరగాయ, ఉప్పు తగ్గించినా మొదట చప్పగా ఉంటుంది. రెండు మూడు నెలల్లో నాలుక సర్దుకుంటుంది. ఇప్పుడు పెళ్లి భోజనాల్లో కూరలు నాకు ఉప్పు కషాయంలా తగులుతున్నాయి.

ఒక హెచ్చరిక. చిరుధాన్యాలు సర్వరోగాలూ పోగొడతాయని చెప్పేవాళ్లు బయల్దేరారు. అది నమ్మి షుగరు మాత్రలు మానేసి ఆసుపత్రి పాలైన మనిషిని నేనెరుగుదును. కొర్రలో కూడా పిండి పదార్థమే ఎక్కువ. రెండు పెద్ద సంగటి ముద్దలు తింటే రాగి కూడా షుగరు పెంచుతుంది. కొలతగా తినాలి, మాత్రలు డాక్టరు చెబితేనే తగ్గించాలి. అలాగే ఏ ఒక్క గింజ మీదే బతకకూడదు. వెనుక జొన్న ఒక్కటే ప్రధానంగా తిన్న పేదల్లో పెల్లగ్రా అనే చర్మవ్యాధి కనిపించిందని హైదరాబాద్ పోషకాహార శాస్త్రవేత్తలు 1960 దశకంలోనే గుర్తించారు. పప్పు, ఆకుకూర, మజ్జిగ తోడుండాల్సిందే.

ఇంటి మందం ఎంత?

అయిదుగురున్న ఇంట్లో రోజుకు ఒక పూట కొర్రన్నమంటే అర కిలో బియ్యం. ఏడాదికి సుమారు 180 కిలోలు. క్వింటాలు గింజకు 60 నుంచి 70 కిలోల బియ్యం వస్తుంది కాబట్టి మూడు క్వింటాళ్ల గింజ పక్కన పెట్టుకుంటే చాలు. అమ్మకానికి పోయేదాంట్లో అదేమంత పెద్ద కోత కాదు. కేంద్రం మద్దతు ధర జొన్న, సజ్జ, రాగికే ప్రకటిస్తోంది, కొర్రకు కాదు. కళ్లం దగ్గర దళారి అడిగిన రేటుకు తెగనమ్మే బదులు ఈ మూడు క్వింటాళ్లయినా ఇంట్లో ఉంటే నష్టం లేదు.

కొత్తగా వేసేవాళ్లకు నంద్యాల పరిశోధనా స్థానం ఇచ్చిన సూర్యనంది అనువైనది. 70 - 75 రోజుల్లో కోతకొస్తుంది. ఎకరాకు రెండు కిలోల విత్తనం సరిపోతుంది. అయిదు సాళ్లు కొర్ర, ఒక సాలు కంది వేస్తే అన్నమూ పప్పూ ఒకే చేను నుంచి వస్తాయి. నాలుగైదు ఊళ్లు కలిసి పొట్టు తీసే చిన్న మిషను పెట్టుకుంటే ఆడవాళ్లకు రోకలి బాధ తప్పుతుంది. అది లేకుండా తాతల తిండికి మళ్లండని ఎవరన్నా అంటే, దంచేది ఎవరని ముందు అడగండి.

మొన్న సంక్రాంతి ముందర మళ్లీ ఆ ఊరికి పోయే పని పడింది. ఈసారి ముందుగానే ఫోన్ చేసి, కొర్రన్నం ఉంటేనే భోజనానికి ఆగుతానని చెప్పాను. అనపగింజల పులుసుతో పెట్టారు. ఆ ఇంటి పెద్దమ్మాయి మొదట వద్దని, తర్వాత పులుసు కోసం కొంచెం వేయించుకుంది. నేను రెండోసారి అడిగేసరికి గిన్నెలో మాడు తప్ప ఏమీ మిగల్లేదు.