ముదిమిలో అన్నవాహిక శస్త్రచికిత్స

ఇంట్లో పెద్దవారు భోజనం మధ్యలో ఆగి, రొమ్ముమీద చేయి వేసుకొని, రెండు గుక్కల నీళ్లు త్రాగి మరల ముద్ద కలుపుకోవటం మొదలుపెడితే, దానిని సాధారణంగా వయస్సుకు అంటగట్టుతాము. పళ్లు లేవు, నమలలేకపోతున్నారు అనుకుంటాము. కొన్నాళ్లకు గట్టి ముద్ద మాని చారన్నం, ఆ తరువాత మజ్జిగన్నం, కడపట జావ. ఇట్లు ఆహారం నానాటికి పలుచనవుతూ రావటమే అన్నవాహికలో పుట్టే కాన్సర్‌కు ముఖ్యలక్షణం. నందిగామ, జగ్గయ్యపేటల చుట్టుపట్ల మెట్టగ్రామాలలో చుట్ట, పొగాకు ఎరుగని ఇల్లు అరుదు. మన దేశంలో ఈ వ్యాధికి పొగాకు, మద్యం, వక్క నమలటం ప్రధాన కారణాలు. 65 డిగ్రీలకు మించిన వేడిగల పానీయాలు సైతం బహుశా కారణం కావచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన విభాగం 2016లో ప్రకటించినది.

అన్నవాహిక గొంతునుండి జీర్ణాశయం వరకు ఉన్న సుమారు 25 సెంటీమీటర్ల కండరపు గొట్టం. అది సాగే స్వభావం కలది. అందువల్ల దారి చాలవరకు మూసుకొనిపోతే తప్ప ముద్ద అడ్డుపడదు. ముద్ద అడ్డుపడిన నాటికి వ్యాధి కొంత ముదిరియే ఉంటుంది. కనుక మ్రింగటం కష్టమైన రెండు మూడు వారాలలోనే ఎండోస్కోపీ చేయించటం మంచిది. కొసన వెలుగు ఉన్న సన్నని గొట్టాన్ని నోటిద్వారా దింపి, లోపల చూచి, అనుమానమున్నచోట చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు.

వ్యాధి ఉన్నదని తేలిన తరువాత ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడతాయి. ఆస్తి అమ్మియైనా ఆపరేషను చేయించాలని ఒక పక్షం. డెబ్బైరెండేళ్ల మనిషిని కోయించటం దేనికి, ఉన్నన్నాళ్లు సుఖంగా ఉండనీయండని మరొక పక్షం. రెండూ ప్రేమతో పలికే మాటలే. కాని రెండింటిలోనూ ఆ రోగి శరీరాన్ని గూర్చిన విచారణ లేదు.

ఈ శస్త్రచికిత్స పెద్దదే. రొమ్మును, పొట్టను రెండింటినీ తెరచి, వ్యాధి ఉన్న అన్నవాహికను తొలగించి, జీర్ణాశయాన్నే గొట్టంవలె మలచి పైకి లాగి, రొమ్ములోనో మెడలోనో అతుకుతారు. బ్రిటనులో ఐవర్ లూయిస్ 1946లో వివరించిన పద్ధతి నేటికీ వాడుకలో ఉన్నది. ఇప్పుడు చిన్న రంధ్రాలద్వారా కూడ ఇదే పని చేస్తున్నారు; దానివల్ల ఊపిరితిత్తులకు కలిగే బాధ తగ్గుతున్నది. పెద్దవారికి ప్రమాదం ముఖ్యంగా అక్కడనే. శస్త్రచికిత్స తరువాత న్యుమోనియా రావటం, గుండె లయ తప్పటం, అతుకు విడిపోవటం అనే మూడు గండాలు ఉన్నవి. అతుకు విడిపోతే యువకుడు తట్టుకొన్నంతగా వృద్ధుడు తట్టుకొనలేడు.

విచిత్రమేమంటే, రొమ్ములోని అన్నవాహికను తొలగించగా బ్రతికి బయటపడిన మొదటి మనిషి వృద్ధురాలే. 1913లో న్యూయార్కులో ఫ్రాంజ్ టోరెక్ అనే సర్జను 67 ఏండ్ల స్త్రీకి ఆ చికిత్స చేసినాడు. జీర్ణాశయాన్ని పైకి తెచ్చి అతికే విద్య అప్పటికి లేదు. మెడవద్ద ఒక ద్వారం, పొట్టవద్ద ఒక ద్వారం ఉంచి, రెంటినీ వెలుపల ఒక రబ్బరు గొట్టంతో కలిపినారు. ఆమె ఆ గొట్టంతోనే భోజనం చేస్తూ పన్నెండు పదమూడేళ్లు జీవించినది.

ఒక్కరి అదృష్టం అందరికీ లెక్క కాదు. డెబ్బై ఏండ్లు దాటినవారిని చిన్నవారితో పోల్చి చూచిన అనేక పరిశోధనలను క్రోడీకరించిన ఒక సమీక్ష 2013లో వెలువడినది. శస్త్రచికిత్స తరువాత ఆసుపత్రిలోనే మరణించినవారు వృద్ధులలో నూటికి సుమారు 8 మంది, చిన్నవారిలో 4. ఐదేళ్లు జీవించినవారు వృద్ధులలో 21, చిన్నవారిలో 29. భేదం ఉన్నది, కాని తలుపు మూసివేయదగినంత భేదం కాదు.

ఇంతకంటె పెద్ద భేదం మరొకచోట ఉన్నది. అమెరికాలో అరవైఐదేళ్లు దాటినవారి బీమా లెక్కలను (1994 నుండి 1999 వరకు) పరిశీలించి 2002లో ప్రచురించినారు. ఈ శస్త్రచికిత్సను ఏడాదికి రెండైనా చేయని ఆసుపత్రులలో నూటికి 20 మంది మరణించగా, పంతొమ్మిదికి మించి చేసేచోట 8 మంది మాత్రమే మరణించినారు. వయస్సును మనం మార్చలేము, ఆసుపత్రిని మార్చుకొనగలము. నందిగామ వారికి విజయవాడ దగ్గర. జగ్గయ్యపేట వారికి 65వ నంబరు జాతీయ రహదారిమీద ఇటు విజయవాడ, అటు హైదరాబాదు. హైదరాబాదులో 1955 నుండి ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రి ఉన్నది. ఎక్కడికి వెళ్లినా, “అయ్యా, ఈ ఆపరేషను మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు?” అని అడగటానికి సంకోచించవద్దు. మన పెద్దలు డాక్టరుగారిని ప్రశ్నించటం అమర్యాద అనుకుంటారు. అనుభవం కల సర్జను ఆ ప్రశ్నకు నొచ్చుకొనడు.

అక్కడి వైద్యులు పుట్టినతేదీకంటె ముందుగా అడిగేవి వేరు. రెండు అంతస్తులు మెట్లు ఎక్కగలరా? బరువు ఎంత తగ్గినారు? ఊపిరి ఎంత బలంగా ఊదగలరు? తన స్నానం, తన నడక తాను చూచుకొంటున్నారా? చుట్ట మాని కనీసం నాలుగు వారాలు గడవటం, రోజూ నడక, శ్వాసవ్యాయామం, అవసరమైతే ముక్కుగొట్టంద్వారానైనా పోషణ: ఈ సన్నాహం ఆపరేషనులో సగం పని చేస్తుంది.

ముందుగా మందులు, కిరణచికిత్స ఇచ్చి తరువాత కోయటం మేలని నెదర్లాండ్సు పరిశోధన 2012లో చూపినది. వట్టి శస్త్రచికిత్స పొందినవారిలో సగంమంది 24 నెలలు దాటగా, ముందు చికిత్స పొందినవారిలో సగంమంది 49 నెలలు దాటినారు. అయితే అందులో 75 ఏండ్లు మించినవారిని చేర్చుకొనలేదు. ఎనభైయేళ్ల తాతగారికి ఈ అంకెలను అప్పగించటం న్యాయం కాదు. కిరణచికిత్సతో వ్యాధి కనుమరుగైనవారిని వెంటనే కోయక, తరచు పరీక్షిస్తూ, తిరిగి కనబడితేనే కోయటం రెండేళ్ల ఆయుష్షు లెక్కలో తక్కువ కాదని అదే దేశపు మరొక పరిశోధన 2025లో తెలిపినది. అన్నిటికీ శక్తి లేనివారికి, మూసుకొనిన దారిలో లోహపు జాలీగొట్టం అమర్చి మ్రింగటం సులువు చేస్తారు. అదీ చికిత్సే.

శస్త్రచికిత్స గట్టెక్కినవారికి ఇంటి వంట మారుతుంది. కడుపు చిన్నదై రొమ్ములోనికి వచ్చినది గనుక రెండుపూటల భోజనం కుదరదు. గిన్నెడు చొప్పున రోజుకు ఆరుసార్లు పెట్టాలి. తీపి పానీయం ఒక్కసారిగా త్రాగితే చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. తిన్నవెంటనే పడుకొనరాదు. రాత్రివేళ పుల్లని నీరు గొంతులోనికి ఎగదట్టకుండా మంచానికి తలవైపు కోళ్లక్రింద రెండేసి ఇటుకలు పెట్టాలి. మొదటి కొన్ని నెలలు బరువు తగ్గుతూనే ఉంటారు. వారానికొకసారి తూచి, ఆ అంకెను కాగితంమీద వ్రాసి డాక్టరుగారికి చూపాలి.