గ్రాఫైట్‌కు ఆక్సిజన్ తగిలాక

1859లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త బెంజమిన్ బ్రాడీ తేల్చాలనుకున్నది గ్రాఫైట్ పరమాణు భారం. గ్రాఫైట్‌ను పొటాషియం క్లోరేట్‌తో, పొగలు కక్కే నైట్రిక్ ఆమ్లంతో పదేపదే వేడిచేశాడు. చివరికి లేత పసుపు స్ఫటికాలు మిగిలాయి. వాటిలో కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ ఉన్నాయి. ఆ పదార్థాన్నొక కొత్త ఆమ్లమనుకుని, గ్రాఫైట్ పరమాణు భారం 33 అని లెక్కకట్టాడు. అసలు కార్బన్‌ది 12. లెక్క తప్పినా పదార్థం మాత్రం నిలిచింది. ఇవాళ దాని పేరు గ్రాఫైట్ ఆక్సైడ్. ఒక్కో పొరగా విడదీస్తే గ్రాఫీన్ ఆక్సైడ్.

బ్రాడీ పద్ధతిలో పేలుడు భయం ఉండేది, రోజులూ పట్టేవి. 1958లో విలియం హమ్మర్స్, రిచర్డ్ ఆఫ్‌మన్ ఆ పనిని గంటల్లోకి తెచ్చారు. సల్ఫ్యూరిక్ ఆమ్లం, సోడియం నైట్రేట్‌తో కలిపిన గ్రాఫైట్‌లో, చల్లగా ఉంచుతూ పర్మాంగనేట్‌ను కొద్దికొద్దిగా వేయాలి. కాసేపటికి మిశ్రమం గోధుమ, బూడిద రంగులు కలిసిన ముద్దవుతుంది. నీళ్లు పోస్తే బుసబుస పొంగుతుంది. చివర్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ పడగానే పసుపుపచ్చగా మెరుస్తుంది.

ఆక్సిజన్ తగిలిన ఈ పొరల మీద ఎపాక్సైడ్, హైడ్రాక్సిల్ సమూహాలు, అంచుల వెంట కార్బాక్సిల్ సమూహాలు ఉంటాయి. నీటిలో కలవని గ్రాఫైట్ వీటి చలవతోనే కలుస్తుంది. కానీ కరెంటును పారనిచ్చే గుణం పోతుంది.

2004లో మాంచెస్టర్‌లో శాస్త్రవేత్తలు గైమ్, నొవొసెలొవ్ గ్రాఫైట్‌లోని ఒక్క పొరను, అంటే గ్రాఫీన్‌ను, విడదీసి చూపాక ఈ పాత పదార్థం దశ తిరిగింది. ఆక్సిజన్‌ను తీసేస్తే గ్రాఫీన్ వస్తుంది కదా! హైడ్రజీన్‌తో, ఆఖరికి విటమిన్ సితో కూడా తీశారు. కరెంటును పారనిచ్చే గుణం కొంతవరకు తిరిగి వచ్చింది. కొంత ఆక్సిజన్, పొరలో లోపాలు మాత్రం మిగిలిపోయాయి.

ఆక్సిజన్‌ను లోపంగా కాక పిడిగా చూసినవాళ్లూ ఉన్నారు. 2006లో రాడ్ రూఫ్ బృందం ఫినైల్ ఐసోసయనేట్‌ను ఆక్సిజన్ సమూహాలకు అతికించింది. అప్పుడు పొరలు సేంద్రియ ద్రావణిలో చక్కగా విడివడ్డాయి. అక్కడే పాలిస్టైరీన్ కలిపి, ఆక్సిజన్‌ను తగ్గించారు. ఘనపరిమాణంలో 0.1 శాతం గ్రాఫీన్‌కే ఆ ప్లాస్టిక్‌లో కరెంటు పారడం మొదలైంది. ఈ పొరలతో మందులు మోయించాలంటే సంగతి వేరు. ఉప్పునీటిలో ఈ పొరలు ముద్దకడతాయి కనుక 2008లో స్టాన్‌ఫర్డ్‌లో హాంగ్జీ దాయ్ బృందం కార్బాక్సిల్ సమూహాలకు పాలీఇథిలీన్ గ్లైకాల్ గొలుసులు తగిలించింది. ముద్దకట్టడం ఆగింది. నీటిలో కరగని ఎస్ఎన్-38 అనే క్యాన్సర్ మందు ఆ పొరను అంటిపెట్టుకుని ప్రయోగశాలలోని కణాల్లోకి చేరింది.

2012లో మాంచెస్టర్‌లో కేరళకు చెందిన రాహుల్ నాయర్ బృందం గ్రాఫీన్ ఆక్సైడ్ రేకులు పేర్చి చేసిన పొరలో ఓ వింత చూసింది. హీలియం కూడా దూరని ఆ పొరలోంచి నీటి ఆవిరి అడ్డూ ఆపూ లేకుండా పోతోంది! అయితే నీళ్లలో ముంచితే పొర ఉబ్బి, ఉప్పును కూడా వదిలేస్తుంది. 2017లో పొరను ఎపాక్సీ జిగురులో బిగించి ఆ ఉబ్బును అరికట్టారు. గ్రాఫీన్ రేకులు కలిపి చేసిన మరో పొర మామూలు ఉప్పును 97 శాతం ఆపింది.

ఉపయోగాలు ఇన్ని దొరికినా తయారీ చిక్కు తీరలేదు. 2010లో రైస్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ టూర్ బృందం సోడియం నైట్రేట్‌ను పక్కనపెట్టి, ఫాస్ఫారిక్ ఆమ్లం కలిపి విషవాయువుల బెడద తప్పించింది. సల్ఫ్యూరిక్ ఆమ్లం, పర్మాంగనేట్ మాత్రం ఇంకా కావాలి. అందుకే పొరలకు అంటిన ఆమ్లాన్ని, మాంగనీసును కడగడానికి నీళ్లు ధారపోయాలి. ఆ కడిగిన నీటిని మళ్లీ శుద్ధి చేయాలి.