సూట్‌కేసులో వచ్చిన సంక్రాంతి

మా అమ్మాయి ప్రోగ్రెస్ రిపోర్టులో 'మదర్ టంగ్' అని ఒక గడి ఉంటుంది. దాని ఎదురుగా 'హిందీ' అని ఉంటుంది. మా ఇంట్లో హిందీ మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు.

సింగపూర్‌లో పిల్లల్ని చదివిస్తున్న తెలుగువాళ్ళకి ఇది తెలిసిన సంగతే. ఇక్కడ అధికార భాషలు నాలుగు: ఇంగ్లిష్, మాండరిన్, మలయ్, తమిళం. తమిళం కాకుండా మరో ఐదు భారతీయ భాషలకు బడి చదువులో చోటు ఉంది. అవి హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ. ఆ వరుసలో తెలుగు లేదు కాబట్టి మన పిల్లలు ఎక్కువగా తమిళమో హిందీయో తీసుకుంటారు. మేం హిందీ తీసుకున్నాం. "తెలుగుదేముంది, ఇంట్లో మనమే నేర్పుకుందాం" అని మా ఆవిడతో ధీమాగా అన్నది నేనే. ఆ మాటకి ఆరేళ్ళు నిండాయి. నేర్పింది మాత్రం అక్షరాలూ గుణింతాల దగ్గరే ఆగిపోయింది.

దాని ఫలితం ప్రతి ఆదివారం ఫోన్లో వినిపించేది. "బాగున్నావా తల్లీ?" "బాగున్నాను తాతయ్యా." "అన్నం తిన్నావా?" "తిన్నాను." తర్వాత ఇద్దరికీ మాటలు దొరికేవి కావు. ఫోను నా చేతికి వచ్చేసేది.

నాన్న చేతి పుస్తకాలు

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్న పోస్టాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఇంట్లో ఖరీదైన వస్తువు అంటూ ఏదీ ఉండేది కాదు గానీ రెండు చెక్క బీరువాల నిండా పుస్తకాలు ఉండేవి. జనవరి మొదట్లో విజయవాడలో పుస్తకాల పండగ జరుగుతుంది కదా, నన్ను ప్యాసింజరు బండిలో అక్కడికి తీసుకెళ్ళేవారు. సంక్రాంతికి కొత్త బట్టలతో పాటు ఒక కొత్త పుస్తకం రావడం మా ఇంటి రివాజు. పండగ మూడు రోజులూ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆయన చదివేవారు. మేం, పక్కింటి పిల్లలు, చెరుకు ముక్కలు నములుతూ వినేవాళ్ళం.

మొన్న డిసెంబరు సెలవులకి వెళ్ళినప్పుడు ఆయన బీరువా తాళం నా చేతిలో పెట్టారు. గ్లకోమాతో చూపు బాగా తగ్గింది. హెడ్డింగులు పోల్చుకోగలరు, లోపలి అక్షరాలు కనపడవు. "నాకిక పనికిరావురా అబ్బాయ్. ఇక్కడుంటే చెదలు పడతాయి. నీకు కావాల్సినవి పట్టుకెళ్ళు" అన్నారు. మామూలుగానే అన్నారు. నాకే మాట పెగల్లేదు.

తీరా సర్దేటప్పుడు అసలు గొడవ మొదలైంది. విమానంలో మనిషికి 30 కిలోలు. అమ్మ అప్పటికే ఆవకాయ, గోంగూర పచ్చడి, సున్నుండలు, అరిసెలు ప్యాక్ చేసి పెట్టింది. వాటి పక్కన పుస్తకాలు చేరేసరికి కాటా ముల్లు ఒప్పుకోలేదు. చివరికి మా ఆవిడ తన కొత్త చీరలు నాలుగు తీసి అత్తగారి బీరువాలో పెట్టేసి పదకొండు కిలోల పుస్తకాలకి చోటు చేసింది. "చీరలు వచ్చే ఏడాది కట్టుకుంటాను" అంది. ఆ రుణం ఇంకా తీరలేదు.

ఈ ఏడాది చదివినవి

వచ్చిన వాటిలో నేను మొదట తీసింది మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిష్టర్ పార్వతీశం'. ఇప్పటికి వందేళ్ళ నాటి నవల. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా బారిష్టరు చదువుకని ఇంగ్లండు బయల్దేరతాడు. మద్రాసులో దర్జాగా కొన్న టోపీ ఆడవాళ్ళదని తెలియక నెత్తిన పెట్టుకుని తిరిగే ఘట్టం చిన్నప్పుడు చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. ఇప్పుడు చదివితే నవ్వుతో పాటు కొంచెం సిగ్గూ వేసింది. నేను మొదటిసారి చాంగీ విమానాశ్రయంలో దిగినప్పుడు ఎస్కలేటరు ముందు పెట్టె పట్టుకుని నిలబడిపోయిన సంగతి గుర్తొచ్చింది. పరాయి ఊళ్ళో మనల్ని చూసి ఎవరూ నవ్వకముందే మనల్ని చూసి మనమే నవ్వుకోవడం ఎలాగో పార్వతీశం చూపిస్తాడు. కొత్తగా విదేశం వచ్చిన ప్రతివాళ్ళూ చదవాలి.

రెండోది సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం'. 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది. 2021లో సినిమాగా వచ్చింది కాబట్టి పేరు చాలామందికి తెలుసు. కరువు రోజుల్లో గొర్రెల్ని మేపడానికి నల్లమల అడవిలోకి తోలుకెళ్ళే కాపరుల కథ. వాళ్ళతో పాటు, ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం కోసం ఇంటర్వ్యూలు ఇచ్చి ఇచ్చి విసిగిపోయిన కుర్రాడు కూడా వెళ్తాడు. మా రంగంలో ఈ రెండు మూడేళ్ళుగా ఎవరి కుర్చీకీ భరోసా లేదు. పొద్దున మెయిల్ తెరవాలంటే గుండె దడదడలాడిన రోజులు నాకూ ఉన్నాయి. పులి ఉన్న అడవిలో రాత్రంతా మంద కాసే మనుషుల గురించి చదువుతుంటే నా భయం కొలత కొంచెం తగ్గింది. కోస్తావాణ్ణి కాబట్టి సీమ మాటలు మొదట్లో అడ్డం పడ్డాయి. యాభై పేజీలు దాటాక అలవాటైపోయాయి.

మా ఆవిడది నెల్లూరు వైపు. ఆమె మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' తీసుకుంది. ఒక ముస్లిం కుర్రాడి చిన్నతనం, వాళ్ళమ్మ, వాళ్ళ నాన్న, ఇంట్లో లేమి, ఆ లేమిలోనే పుట్టే నవ్వులు, అన్నీ నెల్లూరు యాసలో. వంటింట్లో నిలబడి చదువుతూ తనలో తను నవ్వుకునేది. "మా వీధి మాటలు ఇన్నాళ్ళకి అచ్చులో చూశాను" అంది.

మూడో తరగతి చదివే మా అబ్బాయికి 'బుడుగు' చదివి వినిపించాను. ముళ్ళపూడి వారి మాటలు సగం అర్థం కాకపోయినా బాపు బొమ్మలు వాణ్ణి కూర్చోబెట్టాయి. తనలాగే మాటలు తప్పుగా పలికే పిల్లాడికి పుస్తకంలో చోటు దొరికిందని వాడికి మహా సంబరం.

ఆరున్నరకి భోగి

సంక్రాంతికి ఇక్కడ సెలవు ఉండదు. సింగపూర్ ప్రభుత్వ సెలవులు ఏడాదికి పదకొండు. మన పండగల్లో దీపావళికి మాత్రమే ఆ భాగ్యం ఉంది. పైగా కొత్త విద్యా సంవత్సరం జనవరిలోనే మొదలవుతుంది. ఈసారి భోగి బుధవారం, సంక్రాంతి గురువారం, కనుమ శుక్రవారం వచ్చాయి. మూడూ బడి రోజులే, మూడూ ఆఫీసు రోజులే. 'కనుమ నాడు కాకి కూడా కదలదు' అంటారు మనవాళ్ళు. నేను ఆ రోజు రెండు రైళ్ళు మారి ఆఫీసుకి వెళ్ళాను.

ఇండియాకి మాకు రెండున్నర గంటల తేడా. మా ఊళ్ళో తెల్లవారుజామున నాలుగింటికి భోగి మంట వేస్తే ఇక్కడ ఆరున్నర, స్కూలు బస్సు వచ్చే వేళ. జనవరిలో ఇక్కడ ఏడు దాటితే గాని పొద్దు పొడవదు కాబట్టి చీకటి మాత్రం ఉంటుంది. మా హెచ్‌డీబీ ఫ్లాటులో మంట వేసే వీలెక్కడిది? తలంటు పోసుకున్న పిల్లలు యూనిఫాంలో నిలబడి, తమ్ముడు వీడియోలో చూపించిన మంటకి దణ్ణం పెట్టి పరుగు తీశారు. గుమ్మం ముందు కారిడార్లో మా ఆవిడ రాత్రే సుద్దముక్కతో ముగ్గు వేసింది. పక్కింటి మలయ్ ఆంటీ దాన్ని తొక్కకుండా గోడవారగా నడిచి వెళ్ళడం చూశాను.

సాయంత్రం భోగిపళ్ళు. లిటిల్ ఇండియాలో వెతికితే రేగిపళ్ళు దొరికాయి. చెరుకు ముక్కలు, నానబెట్టిన శనగలు, పూలరేకులు, పది సెంట్ల నాణేలు కలిపి మా అబ్బాయి నెత్తిన పోశాం. గంగిరెద్దుని చూపించలేం గానీ క్యాంప్‌బెల్ లేన్‌లో తమిళుల పొంగల్ సందడికి ఆవుల్ని తెచ్చి కట్టేస్తారు. వెనకటి వారాంతంలో పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళాం. మా అబ్బాయికి పుస్తకంలో కాకుండా ఎదురుగా గోవుని చూడటం అదే ఏడాదికి ఒకసారి.

ఎనిమిదింటికి కథ

ఈసారి పండగలో కొత్తగా చేసిన పని ఒక్కటే. బీరువా లోంచి వచ్చిన సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' టేబుల్ మీద పెట్టి, "మూడు రోజులు, మూడు కథలు, తాతయ్యకి చదివి వినిపించాలి" అన్నాను. ఇవి ఆంధ్రజ్యోతి వారపత్రికలో బాపు బొమ్మలతో వచ్చిన కథలు. 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఒక్కో కథ కొద్ది పేజీలే. పైగా 2022 దాకా అమరావతి మా జిల్లా ఊరే, కృష్ణ మా నదే. అందుకే ఇది ఎంచుకున్నాను.

మా అమ్మాయి మొహం మాడ్చుకుంది. "నాకు ఒత్తులు రావు నాన్నా. తాతయ్య నవ్వుతారు." నిజమే, రావు. డిసెంబరంతా రోజుకి పావుగంట చొప్పున ఒత్తులు దిద్దించాను. అది పండగ కోసం కాబట్టి చేసింది. 'తెలుగు నేర్చుకో' అని ఊరికే చెప్పినప్పుడు ఏడాది పొడవునా జరగని పని, 'పద్నాలుగో తారీఖుకి కథ చదవాలి' అనేసరికి మూడు వారాల్లో జరిగింది. మేం సాఫ్ట్‌వేర్‌లో డెడ్‌లైన్ అనేది అదే.

భోగి సాయంత్రం ఎనిమిదింటికి ఫోన్ చేశాం. అక్కడ అయిదున్నర. నాన్న వసారాలో టీ గ్లాసుతో కూర్చున్నారు. మొదటి కథ 'వరద'. కృష్ణకి వరదొచ్చి ఊరు మునుగుతుంది. ఆకలి ముందు కులాల గీతలు చెరిగిపోయి అందరూ ఒక్కచోట తింటారు. నీళ్ళు తీశాక గీతలు మళ్ళీ మొలుస్తాయి. పిల్ల ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. పెద్దవాళ్ళకి పది నిమిషాల కథ ఆ రోజు ముప్పావుగంట పట్టింది.

మధ్యలో నాన్న "అక్కడ ఆగమ్మా, ఆ వాక్యం మళ్ళీ చదువు" అన్నారు. తప్పు చదివాననుకుని పిల్ల నా వైపు బిక్కమొహం వేసుకుని చూసింది. "తప్పు కాదు తల్లీ. బాగుంది, ఇంకోసారి విందామని" అన్నారు ఆయన.

కథయ్యాక మా అమ్మాయి అడిగింది. "తాతయ్యా, ఎవరి కులం వాళ్ళదే అయిపోతే మరి వరద వచ్చి ఏం లాభం?" ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన చిన్నప్పుడు ఊళ్ళో ఏ బావి దగ్గర ఎవరు నిలబడేవారో, ఎవర్ని దూరంగా నిలబెట్టేవారో చెప్పారు. నాకు కూడా ఎప్పుడూ చెప్పని సంగతులు. ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. మా అమ్మాయి తెలుగులో ఇంగ్లిష్ కలిసింది, ఆయన అర్థం కానివి అడిగారు. ఫోను నా చేతికి రాలేదు.

రెండో రోజు 'అరుగు' అంటే ఏమిటని అడిగింది. నేను నిఘంటువు వెతికేలోపు మా అమ్మ అందుకుంది. "వీధి గుమ్మానికి అటూ ఇటూ గట్టులా ఉంటుందమ్మా. సాయంత్రం ముసలాళ్ళు చేరి కబుర్లు చెప్పుకుంటారు. వచ్చేపోయేవాళ్ళు కాసేపు కూర్చుంటారు." మా అమ్మాయి వెంటనే "ఓ, వాయిడ్ డెక్కా!" అంది. మా బ్లాకు కింద ఖాళీగా వదిలిన అంతస్తులో చైనీస్ తాతలు రోజూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. ఇన్నేళ్ళుగా ఆ పక్కనుంచే నడుస్తున్నా నాకు ఎన్నడూ తట్టలేదు.

శనివారం కూడా

కనుమ రాత్రి మినప గారెలు, కోడికూర. ఆ రోజు నాకు మీటింగు ఉండి ఆలస్యమైంది. ఇంటికి వచ్చేసరికి ఎనిమిదిన్నర. నేను లేకుండానే కథ సగమైంది. తమ్ముడు పక్కన కూర్చుని ఫోను పట్టుకున్నాడు, అక్క చదువుతోంది, అక్కడ నాన్న కళ్ళు మూసుకుని వింటున్నారు. నేను బూట్లు విప్పి గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

మనకి సంఘాలు ఉన్నాయి. 1975 నుంచీ ఉన్న సింగపూర్ తెలుగు సమాజం వంటివి ఉగాదులు, సంక్రాంతులు ఘనంగా చేస్తున్నాయి. వాటికి వెళ్ళాలి, వెళ్తాం. అయితే పిల్ల నోట తెలుగు వాక్యం పూర్తిగా రావాలంటే వినేవాళ్ళు ఒకరు అవసరమని నాకు ఈ పండగకి తెలిసింది. మా ఇంట్లో ఆ మనిషి ఇన్నాళ్ళూ ఫోన్ అవతల ఖాళీగానే కూర్చుని ఉన్నారు. మీ ఇంట్లో కూడా అలాంటి వారు ఉంటే, ఉగాదికి ఇంకా సమయం ఉంది. చిన్న కథలున్న పుస్తకం ఒకటి చూసుకోండి. పిల్లలకి ఒత్తులు రాకపోయినా ఫరవాలేదు.

కథ అయిపోయాక "ఇక వచ్చే సంక్రాంతికే తాతయ్యా" అంది మా అమ్మాయి.

"అన్నాళ్ళెందుకమ్మా? రేపు శనివారమేగా, బడి లేదు కదా" అన్నారు నాన్న.