పరాయి పట్టికల దుబాసీ

సమాచారమంతటినీ అడ్డువరుసలు, నిలువు వరుసలు గల పట్టికలుగా అమర్చి, గణితంలోని సమితుల పద్ధతిలో వాటిని ప్రశ్నించవచ్చునని ఐబీఎం పరిశోధకుడు ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించారు. అంతకు కొద్దికాలం ముందే నార్వేలో పుట్టిన సిమ్యులా భాష, సమాచారాన్నీ దానిపై జరిగే పనులనూ ఒకే గూటిలో ఉంచే 'ఆబ్జెక్టు'లతో ప్రోగ్రాము రాసే వేరొక దారిని తెరిచింది. పట్టికలోని వరుస తన సంబంధీకుణ్ణి ఒక సంకేతం ద్వారా మాత్రమే ఎరుగుతుంది కాగా, ఆబ్జెక్టు తన బంధువు చేయి పట్టుకొనే ఉంటుంది. పైగా ఆబ్జెక్టులకు వారసత్వం ఉంది, పట్టికలకు లేదు. ఈ ఇద్దరి మధ్య దుబాసీగా, అంటే వరుసను ఆబ్జెక్టుగానూ, ఆబ్జెక్టులో జరిగిన మార్పును తిరిగి డేటాబేసును ప్రశ్నించే భాషయైన ఎస్‌క్యూఎల్‌లో వాక్యంగానూ మార్చే సాధనంగా పుట్టినదే ఆబ్జెక్ట్-రిలేషనల్ మ్యాపింగ్, వాడుకలో ఓఆర్ఎం.

1990లలో కెనడాలోని ఒట్టావాలో స్మాల్‌టాక్ భాష కోసం తయారైన టాప్‌లింక్, 1994లో నెక్స్ట్ సంస్థ తెచ్చిన ఎంటర్‌ప్రైజ్ ఆబ్జెక్ట్స్ ఫ్రేమ్‌వర్క్ ఈ వంశంలో పెద్దలు. 2001లో గావిన్ కింగ్ ఆరంభించిన హైబర్నేట్ జావా ప్రోగ్రామర్లకు దీనిని అలవాటు చేసింది. 2004లో వచ్చిన వెబ్ ఫ్రేమ్‌వర్క్ రైల్స్ మరింత చొరవ తీసుకొని, 'కస్టమర్' అనే క్లాసు, అంటే ఆబ్జెక్టుల అచ్చు, ఉంటే 'కస్టమర్స్' అనే పట్టిక ఉంటుందనీ, దాని ప్రతి వరుసకూ 'ఐడీ' అనే గుర్తింపు సంఖ్య ఒక్కటే ఉంటుందనీ ముందే ఊహించి, పేజీల కొద్దీ అమరికలు రాసే శ్రమను తప్పించింది. అయితే ఈ సౌకర్యంలో పైకి చెప్పని షరతు ఒకటుంది: పట్టికను కట్టినవారూ వాడుకొనేవారూ ఒక్కరే కావాలి.

ఏళ్ల నాటి డేటాబేసుల దగ్గర ఈ షరతు నిలవదు. అక్కడి పట్టికలు ఎవరి కోసమో కట్టినవి. కొత్త ప్రోగ్రామరుకు వాటిలో ఒక్క నిలువు వరుసను చేర్చే అధికారం కూడా ఉండదు. అవును-కాదులకు బదులు 'వై', 'ఎన్' అక్షరాలు ఉంటాయి. 'టైప్' అనే నిలువు వరుస కనబడితే చాలు, రైల్స్ దానిని వారసత్వాన్ని సూచించే తన సొంత గుర్తుగా పొరబడుతుంది.

ఇలాంటి పట్టికలను చదివి వాటికి తగిన క్లాసులను తానే రాసిపెట్టే 'ఇన్‌స్పెక్ట్‌డీబీ' అనే ఆదేశం జాంగో అనే మరో వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో ఉంది. అలా పుట్టిన క్లాసుల్లో 'మేనేజ్డ్' అనే అమరిక 'ఫాల్స్'గా ఉంటుంది గనుక జాంగో ఆ పట్టికలను సృష్టించదు, చెరపదు. ఇది తప్పనిసరి జాగ్రత్తే. కానీ డేటాబేసులో ప్రకటితమైన సంబంధాలే ఆ ఆదేశానికి కనబడతాయి. పాత ప్రోగ్రాములో మాత్రమే పాటించబడుతూ వచ్చిన సంబంధాలను మనిషే తవ్వి తీయాలి. ఇంతకన్నా పెద్ద చిక్కు జంట కీలది, అంటే రెండు నిలువు వరుసలు కలిస్తే తప్ప ఒక వరుసను గుర్తించలేని ఏర్పాటుది. మార్కుల పట్టికకు హాల్‌టికెట్ నంబరు, పేపరు కోడు కలిసి కీ అయినప్పుడు, పాత జాంగో మొదటిదానినే కీగా ఎంచుకొని, ఆ మాట ఒక వ్యాఖ్యలో రాసి ఊరుకొనేది. దానిని నమ్మి ఒక పేపరు వరుసను తొలగిస్తే, ఆ విద్యార్థి వరుసలన్నీ పోతాయి.

ఒకే వరుసను ఇద్దరు ఏకకాలంలో మార్చకుండా చూసే కాపలా మరొక సమస్య. పలు ఓఆర్ఎంలు ప్రతి వరుసలో ఒక సంచిక సంఖ్యను ఉంచి, మార్చేటప్పుడు దానిని సరిచూస్తాయి. పరాయి పట్టికలో దానికి చోటుండదు. హైబర్నేట్ ఇందుకు బదులుగా, చదివినప్పటి పాత విలువలన్నీ ఇంకా అలాగే ఉన్నాయా అని ఎస్‌క్యూఎల్ వాక్యంలోనే అడిగే పద్ధతిని ఇచ్చింది. వాక్యం పొడవెక్కుతుంది గాని పని జరుగుతుంది. వరుస చేరిన వెంటనే డేటాబేసే తనంతట తాను విలువలు మార్చే ట్రిగ్గరులు ఉన్నచోట మాత్రం, రాసిన ఆబ్జెక్టును మళ్లీ చదివించక తప్పదు.

పట్టికకు క్లాసును ముడిపెట్టడం మాని, మనిషి రాసిన ఎస్‌క్యూఎల్ ఫలితానికే ఆబ్జెక్టును ముడిపెట్టిన ఐబాటిస్, ఇటువంటి చోట్ల వినయంగా ఉండి ఎక్కువ మేలు చేసిందనవచ్చు. 2006లో వెలువడిన ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ అనే ఓఆర్ఎం క్లాసునూ పట్టికనూ వేరువేరుగా వర్ణించనిచ్చి, జంట కీలను ఇబ్బంది లేకుండా స్వీకరించింది. రైల్స్ అందుకు 2023లో వచ్చిన 7.1 దాకా ఆగింది. జాంగోలో ఆ కోరిక 2005లోనే నమోదై, 2025 ఏప్రిల్‌లో 5.2తో తీరింది; అప్పుడు కూడా, అలాంటి పట్టికను వేరొక పట్టిక నుంచి విదేశీ కీతో సూచించే వీలు రాలేదు.