దూరపు గురికి దగ్గరి మెట్టు

రైఫిల్ షూటింగ్‌లో 50 మీటర్లపై కన్నేసిన కొత్తవారికి అసలు పరీక్ష 10 మీటర్ల దగ్గరే

అభినవ్ బింద్రా 2008లో బీజింగ్‌లో దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. 2012లో లండన్‌లో హైదరాబాదీ గగన్ నారంగ్‌కు కాంస్యం దక్కిందీ అందులోనే. 2024లో పారిస్‌లో స్వప్నిల్ కుశాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో కాంస్యం గెలిచాక మాత్రం కుర్రకారు చూపు దూరం మీదికి మళ్లడం సహజమే. అయితే దూరానికి తొందరపడితే డబ్బూ కాలమూ రెండూ వృథా.

మొదటి అడ్డంకి చట్టం. 50 మీటర్ల పోటీల్లో వాడే .22 రైఫిల్ సొంతానికి కొనాలంటే 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి. పోటీల్లో వాడే 4.5 మి.మీ. ఎయిర్ రైఫిల్‌కు ఆ బాదరబందీ లేదు.

రెండో కారణం గాలి. 50 మీటర్ల రేంజ్ సాధారణంగా ఆరుబయట ఉంటుంది. అక్కడ 10 పాయింట్ల వలయం వెడల్పు 10.4 మి.మీ. మాత్రమే. పక్క నుంచి ఓ మోస్తరు గాలి వీచినా తూటా ఆ వలయం దాటిపోగలదు. గురి తప్పింది గాలి వల్లనా, చేతి వణుకు వల్లనా అన్నది కొత్తవారికి అంతుపట్టదు. నాలుగు గోడల మధ్య 10 మీటర్ల దగ్గర ఆ సాకు ఉండదు. తప్పు జరిగితే అది చాలావరకు షూటర్‌దే. అలాగని అది తేలికా కాదు. అక్కడి 10 పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. టెలిస్కోప్ అమర్చుకోవడానికీ వీల్లేదు, చిన్న రంధ్రంలోంచి చూసి గురిపెట్టాల్సిందే.

ముందు ఏ కన్ను బలమైనదో తేల్చుకోవాలి. నిలబడి కాల్చేటప్పుడు రైఫిల్ బరువు కండరాల మీద కాక ఎముకల మీద పడాలి. అందుకే కింది చేతి మోచేతిని నడుముకు ఆనించుకుంటారు. గురిపెట్టి కళ్లు మూసుకుని, కాసేపాగి తెరవాలి. గురి పక్కకు జరిగి ఉంటే చేతులతో లాగకూడదు, పాదాలు సర్దుకోవాలి. కొంత ఊపిరి వదిలి, బిగబట్టి, కొద్ది సెకన్లలోనే ట్రిగ్గర్ మెల్లగా నొక్కాలి. ఆలస్యమైతే రైఫిల్ దించి మళ్లీ మొదలుపెట్టాలి. షాట్ వెళ్లాక కూడా ఒక క్షణం కదలకూడదు. పెల్లెట్ లేకుండా ఉత్త ట్రిగ్గర్ నొక్కే సాధన రోజూ ఉండాలి. అందుకు పైసా ఖర్చు లేదు. అయితే రైఫిల్ అందుకు అనువైనదో కాదో కోచ్‌ను అడిగి తెలుసుకోవాలి.

రైఫిల్ ఖాళీ అని తెలిసినా గొట్టం ఎప్పుడూ లక్ష్యం వైపే ఉండాలి. కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. ఈ రెండూ అలవడని వారిని ఏ మంచి కోచ్ కూడా ముందుకు పోనివ్వరు.

ఖరీదైన రైఫిల్, బిగుతు జాకెట్ మొదటి నెలల్లో అక్కర్లేదు. క్లబ్ రైఫిల్‌తో సరిపెట్టుకుని, మిగిలిన డబ్బు శిక్షణకు వెచ్చించడం మేలు.

మరి 50 మీటర్లకు ఎప్పుడు వెళ్లాలి? స్కోరు ఒక్కటే కొలమానం కాదు. షాట్ కాల్చాక తెర వైపు చూడకుండానే అది ఎటు పోయిందో చెప్పాలి. ఆ మాట వరసగా నిజమవుతుంటే చెయ్యి కుదిరినట్టే. ఆ తర్వాత గాలి లెక్కలు మొదలుపెట్టవచ్చు.